రాగుల డబ్బాలో ఎనిమిది జీబీ

పుంగనూరు,
మంగళవారం

ప్రియమైన మామకు,

రెడ్డెమ్మ రాసేది. నువ్వు కుప్పంలో రాళ్ల ఫ్యాక్టరీకి పోయి పది నెలలైంది. ఇది నేను రాసే మొదటి ఉత్తరం. ఫోన్లో నేను 'ఊ' తప్ప ఇంకేమీ అననని ప్రతిసారీ అంటావు. ఏం చేయను? ఫోను అత్త చేతిలో ఉంటుంది. చెవి సరిగా వినబడదని స్పీకరు పెడుతుంది. నువ్వు "తిన్నావా?" అని అడిగితే పక్కింటివాళ్లు జవాబు చెబుతారు.

అందుకే టమోటా బండి రంగప్పన్నను అడిగాను. "మంగళ, గురు, శనివారాలు కుప్పానికి పోతానే ఉండాను గదమ్మా, గంపల మధ్యన నీ కాగితం బరువా?" అన్నాడు. కవరు మీద పేరు లేదేమని అడిగాడు. మొగుడి పేరు నేనెట్లా రాస్తాను? 'పాలిష్ మిషన్ మీద ఉండే మనిషికి' అని రాశాను. చేరుతుంది కదా?

ఇప్పుడు అసలు సంగతి. చదివేముందు కూర్చో.

కృష్ణప్ప సారు ప్రెస్సులో శుభలేఖలు టైపు చేసే సుధారాణి పెళ్లయి బెంగళూరు పోయింది. నేను అక్కడ కార్డులు మడిచి దారాలు కట్టేటప్పుడు ఆమె వెనుక నిలబడి తెలుగు టైపింగు నేర్చుకున్నానని నీకు తెలుసు. నిన్న సారు నన్ను పిలిచి, "ఇంట్లో కంప్యూటర్ ఉండాదంట గదా, శ్రావణం ముహూర్తాలకు నువ్వే టైపు కొట్టి ఇస్తావా?" అన్నాడు. ముందు ఒక నమూనా చూపించాలి. నాలుగు పేజీలు, పెళ్లికొడుకు పెళ్లికూతురు ఫోటోతో. వచ్చే సోమవారం కాక ఆపై సోమవారానికి ఇవ్వాలి. లేదంటే పలమనేరు మనిషికి ఇచ్చేస్తాడు.

నాకు టైపింగు పని ఒకటి నిలబడితే ఆ రాయిదుమ్ము వదిలేసి వచ్చేస్తానని నువ్వు అన్నావు. గుర్తుందా? నాకు గుర్తుంది.

కానీ నువ్వు సెకండ్ హ్యాండులో కొనిపెట్టిన మన కంప్యూటర్ మొండికేస్తోంది. టైపు చేసినంతసేపు బాగుంటుంది. ఫోటో పెట్టగానే బాణం గుర్తు గుండ్రంగా తిరిగి తిరిగి నిలబడిపోతుంది. దాన్ని ఎట్లా బాగుచేయాలో చెప్పు. అత్తకు మాత్రం చెప్పొద్దు. ఇప్పటికే "ఆ బండ ముందర యాల కూసుంటావు మే?" అంటోంది. తన పాత చీర తెచ్చి దానిమీద కప్పేసింది.

పెన్సిలుతో రాశాను, తప్పు పోతే రుద్దుకోవచ్చని. చాలా రుద్దాను.

నీ
రెడ్డెమ్మ

*

కుప్పం,
గురువారం

ప్రియమైన రెడ్డెమ్మకు,

నీ ఉత్తరం చేరింది. 'పాలిష్ మిషన్ మీద ఉండే మనిషికి' అంటే ఇక్కడ పదకొండు మంది ఉన్నాము. రంగప్పన్న అందరి ముందర కవరు ఎత్తి పట్టుకుని "పెండ్లాము పేరు రెడ్డెమ్మ ఎవురికప్పా?" అని అరిచాడు. ఈ రోజంతా నన్ను 'రెడ్డెమ్మ మొగుడా' అనే పిలుస్తున్నారు.

పెళ్లయిన ఈ రెండేళ్లలో నువ్వు నాతో మాట్లాడినదానికంటే ఎక్కువ ఈ రెండు పేజీల్లో ఉంది. నాలుగుసార్లు చదివాను. రెండు చోట్ల రుద్ది రుద్ది కాగితానికి చిల్లు పెట్టావు. ఆ చిల్లులో ఏం రాశావో తలుచుకుంటూ ఒక పలక ఎక్కువే పాలిష్ పట్టేశాను. మంచి రబ్బరు ఒకటి పంపుతున్నాను, తీసుకో.

మా ఆఫీసులో కంప్యూటర్ చూసే శాలేము రాజును అడిగాను. ఏదీ కొనేముందు జబ్బు ఏమిటో చూడాలన్నాడు. Ctrl, Alt, Delete అని రాసుండే మూడు బటన్లు ఒకేసారి నొక్కు. వచ్చే జాబితాలో టాస్క్ మేనేజర్ అనేదాన్ని ఎంచుకో. అందులో మెమరీ ఎంత ఉంది, ఎంత వాడుతోంది అని చూసి రాయి. తర్వాత ప్లగ్గు పీకి, పెట్టె మూత విప్పి, మెమరీ ముక్క ఎట్లా ఉందో చూడు. పెన్నంత పొడవు, ఆకుపచ్చగా, కింద బంగారు రంగు పళ్లు ఉంటాయట. పట్టుకునేముందు, మన ఒంటి మీది సన్నటి కరెంటు పోవడానికి ఇనుప పెట్టెను ఒకసారి ముట్టుకోవాలట.

నా మిషన్ పక్కన ఉండే మునిచంద్ర మాత్రం గ్రాఫిక్స్ కార్డు వేయమంటాడు. దాంతో కంప్యూటర్ ఎగిరిపోతుందట. నాకూ అదే మంచిదనిపిస్తోంది. ఏమంటావు?

దగ్గు తగ్గింది. అడుగుతావని ముందే రాస్తున్నా.

నీ 'ఊ' కోసం కాచుకునే
రాజేంద్ర

*

పుంగనూరు,
శనివారం

ప్రియమైన మామకు,

రబ్బరు చాలా బాగుంది. నేను మాత్రం దాన్ని ఎక్కువ అరగదీయకుండా రాస్తాను.

చూశాను మామా. అన్నీ చూశాను. అత్త రేషనుకు పోయినప్పుడు మూడు బటన్లూ నొక్కాను. మెమరీ మొత్తం నాలుగు జీబీ. నేనింకా ఏమీ తెరవకముందే రెండున్నర అయిపోయింది. కార్డు తెరిచి ఫోటో పెట్టగానే మూడు పాయింట్ తొమ్మిది. అంటే ఆరుగురు పట్టే ఆటోలో పదకొండో మనిషిని ఎక్కిస్తున్నాను. అది ఎట్లా కదులుతుంది?

తర్వాత ప్లగ్గు పీకి మూత విప్పాను. లోపల దూదిలాగా దుమ్ము. ఇనుమును ముట్టుకున్నాను. ఆకుపచ్చ ముక్క కనబడింది. దాని పక్కన అట్లాంటిదే ఇంకో గూడు ఖాళీగా ఉంది. ఎవరో మనకోసం చోటు పట్టి పెట్టినట్టు అనిపించింది. రెండు చివరలా కొక్కేలు నొక్కితే ముక్క పైకి లేచింది. పడేయకుండా మెల్లగా బయటికి తీశాను.

అప్పుడే అత్త వచ్చింది. ముక్కను కొంగులో చుట్టేశాను. "ఏమి మే, దాని కడుపు కోసినావా?" అంది. దుమ్ము తుడుస్తున్నానని చెప్పాను. కాసేపు నిలబడి చూసి, "దానికి ఏమన్నా జబ్బా?" అని అడిగింది. లేదన్నాను. చాట తీసుకుని పోయింది. కోపమో ఏమో తెలియలేదు.

కొత్త జాకెట్టు కుట్టించాలంటే పాత జాకెట్టు ఆదికి ఇస్తాము కదా. అందుకని ముక్కను ఈ కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలు తిప్పాను. వెనుక చూడు. పళ్ల మధ్యలో చిన్న గంటు ఎక్కడుందో అది కూడా సరిగా గీశాను. దాని మీద అంటించిన అంకెలన్నీ రాశాను. శాలేము రాజన్నకు చూపించు.

గ్రాఫిక్స్ కార్డు మనకు వద్దేమో. నాకు తెలియదు, తప్పుగా అనుకోవద్దు. కానీ మన పెట్టె ఎగరాల్సిన పని లేదు కదా. ఫోటో పెట్టినప్పుడు నిలబడకుండా ఉంటే చాలు. నిండిపోయింది మెమరీ అయితే, కార్డు కొని ఏం చేస్తాము?

ఇన్ని మాటలు రాశానని నాకే సిగ్గుగా ఉంది.

నీ
రెడ్డెమ్మ

*

కుప్పం,
మంగళవారం

ప్రియమైన రెడ్డెమ్మకు,

నువ్వు గీసిన బొమ్మ ఆఫీసంతా తిరిగింది. శాలేము రాజు స్కేలు పెట్టి కొలిచి, "మీ ఆమె ఎంతవరకు చదివిందప్పా?" అన్నాడు. ఏడు అని చెప్పాను. "మనోడు ఒకడు డిగ్రీ చదివి, లోపలి ముక్క ఫోటో తీసి పంపురా అంటే పెట్టె మూత ఫోటో తీసి పంపినాడు" అన్నాడు. మునిచంద్రకు నీ గ్రాఫిక్స్ కార్డు మాట చదివి వినిపించాను. వాడు ఈ పూట టీ కూడా తాగలేదు.

నీ మాటే నిజం. కార్డు వద్దు, మెమరీయే కావాలి.

ఇక్కడి షాపుకు నీ కాగితం తీసుకుపోయాను. వాళ్ల దగ్గర ఉన్నది కొత్త రకం. నీ బొమ్మ మీద పెట్టి చూస్తే గంటు వేరే చోట ఉంది. అది మన గూట్లో దిగదు. మనది పాతది, డీడీఆర్ త్రీ అంటారు. గీసి పంపి ఉండకపోతే నేను ఆ కొత్తదే కొని పంపేవాణ్ణి.

మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి వైపు శాలేము రాజు అక్క బీనా షాపు పెట్టింది. పాత రకం ఆమె దగ్గర దొరుకుతుందట. నాకు సెలవు లేదు, కంటైనర్ లోడు అయ్యేదాకా ఆదివారం కూడా పనే. నువ్వే పోవాలి. ఒంటరిగా బస్సెక్కలేవని తెలుసు. కానీ ప్లగ్గు పీకి పెట్టె విప్పిన మనిషికి బస్సు ఎంత? రంగప్పన్నతో డబ్బు పంపుతున్నాను. పాత ముక్కను ఆదికి తీసుకుపో.

నమూనాకు ఇక ఆరు రోజులే ఉన్నాయి. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు కానీ, నేను కూడా వేళ్ల మీద లెక్కపెడుతున్నాను.

నీ
రాజేంద్ర

*

పుంగనూరు,
గురువారం

ప్రియమైన మామకు,

పోయి వచ్చాను. ఒక్కదాన్నే.

అత్తతో ప్రెస్సు పని మీద పోతున్నానని చెప్పాను. అబద్ధం కాదు కదా? ముక్కను చేతిగుడ్డలో చుట్టి జాకెట్టులో పెట్టుకున్నాను. బస్సులో పక్కన కూర్చున్నామె "ఏమ్మా, బంగారం కుదువ పెట్టేదానికా?" అని అడిగింది. ఊ అన్నాను.

షాపు బయట చాలాసేపు నిలబడ్డాను. బీనా అక్క అద్దంలోంచి చూసి తానే బయటికి వచ్చింది. "రెడ్డెమ్మ నువ్వేనా? బొమ్మ గీసింది? లోపలికి రా మా, ఎండలో యాల?" అంది. ఆ తర్వాత నాకు భయం పోయింది. ఆమె డాక్టరమ్మలాగా అడిగింది.

"ఏమి బాధ? ఆన్ అయ్యేదానికి లేటా, మధ్యలో నిలిసిపోతాదా?"

"మధ్యలో. ఫోటో పెట్టినాక." మళ్లీ ధైర్యం చేసి, "ఆన్ అయ్యేదానికీ లేటేనక్కా. నొక్కి పోయి సంగటి కెలికి వచ్చేలోపల వస్తాది" అన్నాను.

ఆమె బాగా నవ్వింది. ఆన్ కావడానికి ఆలస్యమైతే డిస్కు మార్చాలట. ఎస్సెస్‌డీ అని ఒకటి ఉందట. అది వేస్తే నీళ్లు కూడా కాగకముందే తెరుచుకుంటుందట. రెండింటికీ నా దగ్గర చాలవు. ఏది ముందు అని అడిగింది. సంగటి కెలకడం నాకు ఎట్లాగూ తప్పదు, ఫోటో దగ్గర ఆగకపోతే చాలు అన్నాను. "అయితే మెమరీనే ముందు. బాగా సెప్పినావు" అంది.

రంగు రంగుల లైట్లు వెలిగే మెమరీ ఒకటి చూపించింది. ఎరుపు, నీలం, మళ్లీ ఎరుపు. ఎంత బాగుందో. "మూత వేసినాక ఆ రంగులు ఎవురు సూస్తారక్కా?" అని అడిగాను. దాన్ని తిరిగి పెట్టేసింది.

చివరికి ఎనిమిది జీబీ ముక్క ఒకటి. వాడినదే కానీ మంచిది. పాతది తీసేయాల్సిన పని లేదట. దాని జాతి, వేగం ఒకటేనని అంకెలు కలిపి చూసింది. రెండూ పక్కపక్కనే ఉంటే పన్నెండు అవుతుంది. నాలుగు నుంచి పన్నెండు, మామా. నా ముందరే తన కంప్యూటర్లో వేసి, ఆన్ చేసి చూపించి ఇచ్చింది.

బిల్లు రాస్తూ "మీ ఆయన పేరేమి?" అంది. నేను పైన తిరిగే ఫ్యానును చూశాను. "శాలేము చెప్పినాడులే, కవరు మీద గూడా రాయలేదంట" అని నవ్వి, నా పేరు మీదే రాసింది. నా పేరు మీద వచ్చిన మొదటి బిల్లు ఇది. దాచుకున్నాను.

అత్త ఉండగా పెట్టె విప్పలేను. రేపు శుక్రవారం, పూజ అయినాక అత్త చీటీ పాటకు పోతుంది. అంతవరకు ముక్కను ప్లాస్టిక్ కవరుతో సహా రాగుల డబ్బాలో దాచాను. నిద్ర పట్టేలాగా లేదు.

నీ
రెడ్డెమ్మ

*

పుంగనూరు,
శనివారం పొద్దున

ప్రియమైన మామకు,

పని చేయలేదు.

నిన్న అత్త పోగానే విప్పాను. రాగుల దుమ్ము కాబోలు, పళ్ల మీద ఎర్రగా కనబడితే కొంగుతో తుడిచాను. గంటు చూసుకుని ఖాళీ గూట్లో పెట్టి, రెండు కొక్కేలూ టక్కుమనేదాకా నొక్కాను. ఆన్ చేస్తే తెర నల్లగానే ఉంది. లోపలినుంచి బీప్, బీప్ అని ఆగకుండా అరిచింది. తీసేస్తే పాతది ఒక్కటే మామూలుగా పని చేస్తోంది. మళ్లీ పెడితే మళ్లీ అరుపు. ఐదుసార్లు చేశాను.

బీనా అక్క షాపులో బాగానే ఉంది. నా చేతిలోనే చెడిపోయింది. నీ పది ఆదివారాల కష్టం అది. ఎల్లుండే సోమవారం.

నాలాంటిదానికి ఇవన్నీ ఎందుకని ఇప్పుడు అనిపిస్తోంది. రంగప్పన్న బండి హారను కొడుతున్నాడు. ఇంతే.

రెడ్డెమ్మ

*

కుప్పం,
శనివారం

ప్రియమైన రెడ్డెమ్మకు,

రంగప్పన్నను అరగంట ఆపి ఇది రాస్తున్నాను. టమోటాలు దింపేసినా మీసాలు మెలేస్తూ నిలబడి ఉన్నాడు.

ముందు ఒకటి చెబుతాను. 'నాలాంటిదానికి' అనే మాట ఇంకోసారి రాస్తే ఆ రబ్బరు వెనక్కి తీసుకుంటాను.

శాలేము రాజును పిలిచి చదివించాను. షాపులో పని చేసింది ఇంట్లో చేయలేదంటే, ముక్క చచ్చిపోలేదు, పళ్లకు ఏదో అంటుకుని ఉంటుందన్నాడు. పిల్లలు వాడే రబ్బరుతో ఆ బంగారు పళ్లను రెండు వైపులా మెల్లగా రుద్దాలట. నీళ్లు తగలకూడదు. గూడును ఎండిన కొత్త బ్రష్షుతో దులపాలి. తర్వాత పెట్టి చూడు.

ఇంకో మాట. రాయాలా వద్దా అనుకున్నాను. నాకు అమ్మ మీద అనుమానంగా ఉంది. నేను చిన్నప్పుడు రేడియో విప్పితే దాన్ని ఎత్తుకుపోయి దిబ్బలో పారేసిన మనిషి ఆమె. నువ్వు ఆ కంప్యూటర్ ముందర కూర్చోవడం ఆమెకు ఇష్టం లేదు. డబ్బాలోంచి తీసి తడిపిందో ఏమో. రాగుల డబ్బాలో దాచావు, ఇంట్లో రోజూ రాగులు తీసేది ఎవరు?

అడగవద్దు, గొడవ అవుతుంది. నేను వచ్చినప్పుడు అడుగుతాను.

నీ
రాజేంద్ర

*

పుంగనూరు,
మంగళవారం

ప్రియమైన మామకు,

ఈ కాగితం చూడగానే నీకు తెలిసిపోయి ఉంటుంది. పెన్సిలు లేదు, రుద్దిన మచ్చ లేదు, చిల్లు లేదు. కొట్టింది మన కంప్యూటర్ మీద, ప్రింటు తీసింది కృష్ణప్ప సారు ప్రెస్సులో.

వరసగా చెబుతాను. మధ్యలో చివరికి పోవద్దు.

ఆదివారం పొద్దున, నువ్వు పంపిన రబ్బరు తీసుకుని వెనుక గదిలో కూర్చున్నాను. పళ్లను రుద్దాను. రబ్బరు ఎర్రగా అయింది. ఇంకా రుద్దితే పసుపుపచ్చగా అయింది. వాసన చూశాను. మామా, రాగులకు పసుపు వాసన రాదు కదా.

తల ఎత్తితే గడపలో అత్త నిలబడి ఉంది.

"యాల మే అట్ట రుద్దతాండావు? నేను పెట్టిన బొట్టును తుడిపేస్తాండావా?"

రబ్బరు కింద పెట్టేశాను. అత్తే చెప్పుకుంటూ పోయింది.

"శుక్రవారం పొద్దున్నే రాగులకని చెయ్యి పెడితే తగిలింది. ఓహో, కంప్యూటర్ జబ్బుకు మందు వచ్చింది అనుకున్నా. కొత్త వస్తువు ఇంటికొస్తే పసుపు కుంకుమ పెట్టకుండా వాడతారా ఎవురన్నా? మొగుడూ పెండ్లాలు దొంగసొమ్ము మాదిరి డబ్బాలో దాస్తిరి. బంగారు అంచుండాది గదా, అది ముందరనుకుని ఆడ పెట్టినా. తడి పసుపు పెట్టి, దానిమీద కుంకుమ. ఆరినాక మళ్లీ డబ్బాలోనే పెట్టినా."

"నీకు కోపం లేదా అత్తా?"

"యాల ల్యాదు? ఉండాది. నాకు చెప్పలేదని."

"నీకు ఈ కంప్యూటర్ ఇష్టం లేదనుకుంటిమి."

"ఇష్టం లేకుంటే నా చీర కప్పుతానా దానికి? దుమ్ము పడతాదని కప్పినా. ఆడ వాడు రాయిదుమ్ము మింగతాండాడు, ఈడ ఇది మన్నుదుమ్ము మింగతాండాది. ఫోన్లో వాడు మాట మాటకూ దగ్గేది నాకు వినపడలేదనుకుంటాండారా? నా చెవుడు మీకు కావాల్సినప్పుడే వస్తాదా?"

ఇంతసేపు మాట్లాడి, నా పక్కనే నేల మీద కూర్చుంది. బంగారు పళ్లే ఆ ముక్కకు నోరని, అక్కడ ఏది అంటినా కంప్యూటర్‌తో మాట్లాడలేదని చెప్పాను. అత్త ముఖం చిన్నబోయింది. "నేనా మే దాని నోరు మూసింది?" అంది. నేనెప్పుడూ అంత గట్టిగా నవ్వలేదు. అత్త కూడా నవ్వింది. తర్వాత తానే కొత్త బ్రష్షు తెచ్చి గూడు దులిపింది. రెండు వైపులా రబ్బరుతో రుద్దింది నేను, వెలుగు కోసం తలుపు పట్టుకున్నది అత్త.

నొక్కాను. టక్, టక్. ఆన్ చేశాను. ఒకే ఒక్క బీప్. తర్వాత తెర వెలిగింది. సంగటి కెలకడానికి ఎవరమూ లేవలేదు, ఇద్దరం దాని ముందరే కూర్చున్నాము. మూడు బటన్లూ నొక్కి చూపించాను. పన్నెండు జీబీ.

నమూనాకు ఎవరి పేర్లు వేయాలని అడిగితే అత్త, "ఎవురివో యాల? మీ పెండ్లికి తొందర్లో పసుపు కాగితం మీద కొట్టించినాము, ఫోటో లేదు ఏమీ లేదు. ఇప్పుడు కొట్టు మీదే" అంది. మన ఫోటో పెట్టాను. ఆగలేదు. పెద్దది చేశాను, చిన్నది చేశాను, చుట్టూ పూల అంచు వేశాను. ఎక్కడా ఆగలేదు.

ఆగింది నేను. వరుడి పేరు వేయాల్సిన చోట. అత్త చూసి, "నోటితో గదా పలకగూడదు. వేళ్లకు నోరుండాదా? కొట్టు" అంది. కొట్టాను. మూడు అక్షరాలే కానీ చాలాసేపు పట్టింది.

సోమవారం కృష్ణప్ప సారు కార్డును అద్దాలు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చూశాడు. "సుధారాణి గూడా అత్తింటి పేరులో ఒక తప్పన్నా పెట్టేది" అన్నాడు. శ్రావణానికి వచ్చిన ఇరవై మూడు పెళ్లిళ్లూ నాకే ఇచ్చాడు. ఊరికే పడి ఉన్న తన జిరాక్స్ మిషన్ కూడా మన ముందుగదిలో పెట్టుకోమన్నాడు, చూసుకునే మనిషి ఉంటే. ఉన్నాడని చెప్పాను. 'ఊ' అనలేదు, మాటతోనే చెప్పాను.

కార్డు ఇందులో పెట్టాను. మునిచంద్రకు కూడా చూపించు. మొదటి డబ్బుతో ఎస్సెస్‌డీ వేద్దాము. అది వచ్చినప్పుడు తన చేతికే ఇవ్వమంది అత్త. "ఈసారి బొట్టు పండ్లకు పెట్టనులే, వీపుకు పెడతా" అంది.

రంగప్పన్నను ఒక సంగతి అడిగాను. కుప్పం నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ గంపల మధ్య ఒక మనిషికి, ఒక ట్రంకు పెట్టెకు చోటు ఉంటుందా అని. "యా దినానికమ్మా?" అన్నాడు. నువ్వు చెప్పు. ఈసారి కవరు మీద నీ పేరు ఉంది, పదకొండు మందిలో ఎవరని వెతకాల్సిన పని లేదు.

నీ పెండ్లి పత్రికలోని
చి.ల.సౌ. రెడ్డెమ్మ